బిళ్ళగన్నేరును ఏటా పీకేయాలా, చలికాలం దాటించాలా?

పెరటిమొక్క:
మాకు చలికాలంలో మంచు పడుతుంది. నేలలో వేసిన బిళ్ళగన్నేరు వేసవంతా విరగబూసింది. ఇప్పుడు రాత్రుళ్ళు చల్లబడేసరికి ఆకులు పసుపు తిరుగుతున్నాయి. ఒక్క సీజన్ మొక్కే కదా, పీకేయమంటున్నారు తెలిసినవాళ్ళు. పచ్చగా ఉన్నదాన్ని పీకడానికి నాకు చేతులు రావడం లేదు.

విత్తులమూట:
పీకేయండి. మడగాస్కర్‌లో పుట్టిన మొక్క, వేడి ఉన్నచోట ఏళ్ళ తరబడి బతుకుతుంది, నిజమే. కానీ గట్టిగా మంచు పట్టిన ఒక్క రాత్రి చాలు, చచ్చిపోతుంది. ఇంట్లోకి తెస్తే వెలుతురు చాలక కాడలు సాగుతాయి, పూత తగ్గిపోతుంది. బతికించినా అడుగున కాడ కట్టెలా ముదిరి బోసిగా కనిపిస్తుంది. దానికన్నా కొత్త నారు మేలు. విత్తనం చీకట్లో మొలుస్తుంది కాబట్టి పైన మట్టి కప్పాలి, 25 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. పూతకు దాదాపు 3 నెలలు పడుతుంది, అందుకే చలి పోకముందే ఇంట్లో నారు పోసుకోండి. మొక్కను కుళ్ళబెట్టే ఫైటాఫ్తొరా తెగులు వచ్చిన మడిలో మాత్రం మళ్ళీ వేయొద్దు, అది మట్టిలోనే ఉండిపోతుంది.

మట్టిచేతులు:
నేను ఒప్పుకోను. మీది హైబ్రిడ్ అయితే దాని విత్తనం వేస్తే అదే రంగు వస్తుందన్న నమ్మకం లేదు. నచ్చిన రంగు నిలవాలంటే కొమ్మ నాటుకోవాల్సిందే. పెద్ద మొక్కను తవ్వి తేవడం దండగ, అక్కడ విత్తులమూట గారి మాట సరైనదే. పూలు లేని లేత కొమ్మలు 4 అంగుళాలవి తీసి, కింది ఆకులు గిల్లేసి, తడి ఇసుకలో గుచ్చండి. వేళ్ళు పట్టాక బాగా వెలుతురున్న కిటికీ దగ్గర పెట్టి, మట్టి పైన ఆరాకే నీళ్ళు పోయండి. మొదటి ఏడాది నేను రోజూ నీళ్ళు పోసి అన్నీ కుళ్ళబెట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. ఇంకొక్క మాట. ఇంట్లో పసిపిల్లలు, పిల్లులు ఉంటే అందకుండా పెట్టండి. విన్‌క్రిస్టిన్ లాంటి క్యాన్సర్ మందులు ఈ మొక్క నుంచే వచ్చాయి, కానీ ఆకు నమిలితే విషం.

విత్తులమూట:
రంగు సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా మడి నిండా పూలు కావాలంటే నారే పెడతాను. రెండు కొమ్మలు దాస్తే రెండు మొక్కలే.

పెరటిమొక్క:
నాది తెలుపు, మధ్యలో ఎరుపు చుక్క. అదే కావాలి నాకు. ఎండ పడే కిటికీ ఒకటుంది, రేపే నాలుగు కొమ్మలు తీస్తాను. పెద్ద మొక్క మంచు పడేదాకా నేలలోనే ఉంటుంది.