స్టీరింగ్ ఆయిల్ మట్టం తగ్గింది, నేల మీద మరక లేదు: నింపితే చాలా, మొత్తం మార్చాలా?

ప్రశ్న: పాతబండి

నమస్కారం. నాది బెల్టుతో తిరిగే పంపు ఉన్న హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ కారు. ఈ మధ్య ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పితే సన్నగా మూలుగు వినిపిస్తోంది. కాసేపు నడిపాక అది దాదాపు పోతోంది. స్టీరింగ్ బరువెక్కలేదు. డబ్బా మూత తీసి చూస్తే ఆయిల్ కనిష్ఠ గీతకు కొంచెం కింద ఉంది, మొదట ఎరుపో మరొకటో పోల్చుకోలేనంతగా ముదిరిపోయింది. బండి నిలిపిన చోట మాత్రం చుక్క మరక లేదు.

మూతకు ఉన్న పుల్ల మీద ఒక వైపు 'హాట్' అని, రెండో వైపు 'కోల్డ్' అని గీతలున్నాయి. వీటిలో దేన్ని నమ్మాలి? ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్) పోయాలని ఒకరు, ఆకుపచ్చ ద్రవమే మంచిదని ఇంకొకరు చెప్పారు. తప్పనిసరైతే కొంచెం బ్రేక్ ఆయిల్ పోసినా ఏమీ కాదని మూడో సలహా కూడా వచ్చింది. ఇప్పటికి గీత వరకు నింపి ఊరుకోవచ్చా, లేక పాత ఆయిల్ అంతా తీసేయాలా?

సమాధానం: స్పానర్

మూడో సలహా సంగతి ముందు తేల్చేద్దాం. బ్రేక్ ఆయిల్‌ను ఏ పరిస్థితిలోనూ, ఎంత కొద్దిగానైనా స్టీరింగ్ డబ్బాలో పోయకండి. మామూలు బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ ఆధారంగా తయారవుతుంది, స్టీరింగ్ ఆయిల్ పెట్రోలియం నూనె లేదా దానితో సరిపడే సింథటిక్ నూనె. స్టీరింగ్ పంపులోనూ, చక్రాలను అటూ ఇటూ తిప్పే ర్యాకులోనూ ఉండే రబ్బరు సీళ్లు నూనెను తట్టుకునేలా చేసినవి, గ్లైకాల్ తగిలితే అవి ఉబ్బి మెత్తబడతాయి. పొరపాటున ఎవరైనా పోసి ఉంటే ఇంజన్ స్టార్ట్ చేయకుండానే డబ్బా ఖాళీ చేయించి, మొత్తం వ్యవస్థను కడిగించాలి.

మట్టం చూసే పద్ధతిలో చిక్కేమీ లేదు. బండిని సమతలమైన చోట నిలిపి, చక్రాలను నేరుగా ఉంచి, ఇంజన్ ఆపండి. రాత్రంతా నిలిచి ఉన్న బండి అయితే 'కోల్డ్' గీతలు, బాగా నడిపి వచ్చాక అయితే 'హాట్' గీతలు చూడాలి. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది కనుకనే రెండు గుర్తులు పెట్టారు. చల్లగా ఉన్నప్పుడు 'హాట్' గీత వరకు నింపేస్తే, వేడెక్కాక ఎక్కువైన ఆయిల్ మూత దగ్గరి రంధ్రం గుండా బయటకు పొంగి, తర్వాత లేని లీకేజీ కోసం మనం వెతకాల్సి వస్తుంది. మూత తీసే ముందు చుట్టూ ఉన్న దుమ్మును శుభ్రంగా తుడవండి. పంపు లోపలి భాగాల మధ్య ఎడం చాలా తక్కువ, ఇసుక రేణువు కూడా అక్కడ గీతలు పెడుతుంది.

ఏ ఆయిల్ అన్నది రంగు చూసి నిర్ణయించేది కాదు. రంగు కేవలం తయారీలో కలిపే అద్దకం. పాత టయోటా కార్లలో చాలావాటికి డెక్స్రాన్ తరగతి ఏటీఎఫ్ సరిపోతుంది, హోండా తన బండ్లకు ప్రత్యేకమైన స్టీరింగ్ ద్రవాన్నే వాడమంటుంది, జర్మన్ కార్లలో చాలావాటికి సీహెచ్ఎఫ్ (సెంట్రల్ హైడ్రాలిక్ ఫ్లూయిడ్) రకం సింథటిక్ ద్రవం కావాలి. బీఎమ్‌డబ్ల్యూ అయితే కొన్ని మోడళ్లకు ఏటీఎఫ్‌ను, మరికొన్నింటికి సీహెచ్ఎఫ్‌ను వాడింది, కాబట్టి కంపెనీ పేరు తెలిసినంత మాత్రాన కూడా సరిపోదు. డబ్బా మూత మీద, కారుతో వచ్చిన పుస్తకంలో ఏ స్పెసిఫికేషన్ రాసి ఉందో అదే తీసుకోండి. సీసా మీద 'అన్ని కార్లకూ' అని ఉన్నా, మీ స్పెసిఫికేషన్ పేరు అందులో లేకపోతే పక్కన పెట్టేయండి.

ఇక అసలు విషయం. ఇంజన్ ఆయిల్ కొంత కాలిపోవచ్చు, బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేక్ ఆయిల్ మట్టం దిగవచ్చు, కానీ స్టీరింగ్ ఆయిల్‌కు అలా ఖర్చయ్యే మార్గమే లేదు. మట్టం తగ్గిందంటే ఎక్కడో బయటకు పోతోందని అర్థం. నింపండి, కానీ నింపిన రోజున డబ్బా మీద పెన్నుతో మట్టం గుర్తు పెట్టుకోండి. అదే స్థితిలో కొన్నాళ్ల తర్వాత మళ్లీ చూస్తే లీకేజీ ఎంత వేగంగా ఉందో తెలుస్తుంది.

సమాధానం: కప్పీబెల్టు

స్పానర్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, నేల మీద మరక ఎందుకు లేదన్న ప్రశ్న మీద కొంత చెప్పదలచుకున్నాను, ఎందుకంటే చాలామంది అక్కడే మోసపోతారు.

మొదట ర్యాకు రెండు చివరలా ఉండే ముడతల రబ్బరు బూట్లను చూడండి. ర్యాకు చివరి సీలు అరిగితే కారిన ఆయిల్ నేల మీద పడదు, ఆ బూటు లోపలే చేరుతుంది. బూటు పగిలేదాకా లేదా నిండేదాకా కింద ఒక్క చుక్క కూడా కనిపించకపోవచ్చు. ఇంజన్ ఆపి, బండి కిందికి వీలుగా చేరగలిగితే, బూటును కింది వైపు నుంచి వేళ్లతో నొక్కండి. లోపల ద్రవం కదిలినట్టనిపిస్తే కారణం దొరికినట్టే, అప్పుడు ర్యాకు విప్పక తప్పదు. ఇంజన్ కింద ప్లాస్టిక్ పళ్లెం ఉన్న కార్లలో అది కూడా చుక్కలను పట్టి ఉంచుతుంది, దాన్ని దింపి చూడాలి. పంపు నుంచి ర్యాకుకు వెళ్లే పైపులో లోహం, రబ్బరు కలిసే నొక్కుడు అతుకుల దగ్గర దుమ్ము జిగటగా పట్టి ఉందేమో గమనించండి. ఇంజన్ నడుస్తుండగా ఆ పైపును చేత్తో తడమకండి. ఆ పీడనంలో సన్నని ధార చర్మంలోకి దిగగలదు. ఆ ధార వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట కూడా అంటుకోవచ్చు, కాబట్టి ఈ పైపు చెమ్మగిల్లితే వాయిదా వేయకూడదు.

ఇక మూలుగు. మీరు చెప్పిన లక్షణం, అంటే చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోవడం, నాకు పంపులోకి గాలి చేరడాన్నే సూచిస్తోంది. డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపులో పంపు ఆయిల్‌ను పీల్చుకుంటుంది కనుక, అక్కడ క్లాంపు వదులైనా ఓ-రింగ్ (అతుకు దగ్గరి రబ్బరు వలయం) గట్టిపడినా, ఆయిల్ పెద్దగా బయటకు రాకుండానే గాలి లోపలికి పోగలదు. చలిలో ఆయిల్ చిక్కగా ఉండి పీల్పు బలంగా పడుతుంది, పాత రబ్బరు బిగుసుకుని ఉంటుంది. వేడెక్కాక ఆయిల్ పలచబడుతుంది, రబ్బరు మెత్తబడుతుంది, శబ్దం తగ్గుతుంది. మట్టం తక్కువగా ఉంటే ఏ లోపమూ లేకుండానే గాలి లాగవచ్చు కాబట్టి ముందు నింపి చూడండి. ఆ తర్వాతా మూలిగితే, ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తూ) ఉండగా మూత తీసి చూడండి: ఆయిల్ నురగతో పాలిపోయినట్టు ఉంటే గాలి ఉన్నట్టే. ఇంజన్ ఆపగానే మట్టం పైకి లేవడం ఇంకో గుర్తు. ఈ తేడా 5 మిల్లీమీటర్లు దాటితే గాలి తీయమని చాలా సర్వీస్ మాన్యువళ్లు చెబుతాయి.

నురగ లేకపోయినా శబ్దం వస్తుంటే డబ్బా అడుగును అనుమానించండి. కొన్ని కార్లలో అక్కడ సన్నని జల్లెడ ఉంటుంది. ఏళ్ల తరబడి చేరిన మడ్డితో అది మూసుకుపోతే పంపుకు చాలినంత ఆయిల్ అందదు. జల్లెడ విడిగా రాకపోతే డబ్బానే మార్చాలి. ఒక మాట: కీచుమనే శబ్దం వేరు, మూలుగు వేరు. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పినప్పుడు మాత్రమే కీచుమంటే బెల్టు జారుతున్నట్టు, అప్పుడు ఆయిల్‌తో పని లేదు.

ప్రశ్న కొనసాగింపు: పాతబండి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూత మీద డెక్స్రాన్ ఏటీఎఫ్ అని స్పష్టంగా ఉంది, దానినే 'కోల్డ్' గీత వరకు నింపాను. శబ్దం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఐడిల్‌లో చూస్తే బుడగలు కనిపిస్తున్నాయి. బూట్లు పొడిగానే ఉన్నాయి. డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపు క్లాంపు చుట్టూ మాత్రం దుమ్ము తడిగా అంటుకుని ఉంది. ఆ పైపు, క్లాంపు మార్చిస్తున్నాను. ఎలాగూ ఆయిల్ కొంత పోతుంది కాబట్టి, మిగిలిన పాతదాన్ని నేనే మార్చుకోవచ్చా?

సమాధానం: నిదానం

మార్చుకోవచ్చు, మార్చడమే మంచిదని నా అభిప్రాయం. స్టీరింగ్ ఆయిల్‌కు మార్పిడి గడువే ఇవ్వకుండా, మట్టం చూడమని మాత్రమే రాసే మాన్యువళ్లు చాలా ఉన్నాయి. దాన్నిబట్టి అది ఎప్పటికీ చెడదని అనుకోవడం సరికాదు. వేడికి ఆయిల్ ముదురుతుంది, సీళ్ల నుంచి, పంపు నుంచి రాలిన సన్నని పొడి అందులోనే తిరుగుతుంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి. గోధుమరంగులోకి తిరిగి, మాడిన వాసన వస్తే మార్చే సమయం వచ్చినట్టే. లోహపు మెరుపు కనిపిస్తే పంపు అరుగుతోంది, అప్పుడు కొత్త ఆయిల్ ఒక్కటే దాన్ని కాపాడలేదు.

తేలికైన పద్ధతి సిరంజితో డబ్బాలోని ఆయిల్ తీసి, కొత్తది నింపి, కొన్నాళ్లు నడిపి మళ్లీ అదే చేయడం. దీని పరిమితి లెక్క వేసుకుంటే తెలుస్తుంది. మొత్తం ఆయిల్‌లో మూడో వంతు డబ్బాలో ఉంటుందనుకుంటే, ఒకసారి మార్చాక పాతది 67 శాతం, మూడుసార్ల తర్వాత సుమారు 30 శాతం, ఐదుసార్ల తర్వాత కూడా 13 శాతం మిగులుతుంది. ఆయిల్ మరీ చెడకపోతే ఇది చాలు. పైగా ఇందులో గాలి చేరే ప్రమాదం తక్కువ.

మీరు ఎలాగూ పైపు విప్పుతున్నారు కనుక పూర్తి పద్ధతి వీలవుతుంది. ముందు చక్రాలను నేల నుంచి లేపి, బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలపండి. ర్యాకు నుంచి డబ్బాకు తిరిగి వచ్చే పైపును డబ్బా దగ్గర విప్పి, దాని చివరను సీసాలో పెట్టి, డబ్బాకు ఉన్న ఆ రంధ్రాన్ని మూసేయండి. ఇంజన్ ఆపే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతుంటే, మరొకరు డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి. సీసాలోకి శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా ఇలాగే చేయాలి. డబ్బాను ఒక్కసారి కూడా ఖాళీ కానివ్వకండి. తర్వాత పైపు బిగించి, ఇంజన్ ఆపే ఉంచి, బుడగలు రావడం ఆగేదాకా మళ్లీ అటూ ఇటూ తిప్పండి. మట్టం సరిచేశాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి.

సమాధానం: స్పానర్

నిదానం గారి పద్ధతి సరైనదే. ఇంజన్ ఎందుకు ఆపి ఉంచాలన్నది మాత్రం కలుపుతాను: ఈ పంపుకు వేరే లూబ్రికేషన్ లేదు, ఆ ఆయిలే దాని కందెన. ఇంజన్ వేగంతో తిరిగే పంపు డబ్బాను క్షణాల్లో ఖాళీ చేస్తుంది, ఆ తర్వాత పొడిగా తిరిగిన ప్రతి సెకనూ నష్టమే.

స్టార్ట్ చేశాక స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అక్కడే బిగపట్టకండి. ఆ స్థితిలో పీడనం మితిమీరకుండా పంపులో ఉండే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్ అక్కడక్కడే తిరుగుతూ వేగంగా వేడెక్కుతుంది. పార్కింగ్ చేసేటప్పుడు కూడా చివర తగలగానే కొంచెం వెనక్కి వదిలేయడం మంచిది. లీకేజీ ఆపుతామని అమ్మే రసాయనాలను దీనిలో కలపకండి. అవి సీళ్లను ఉబ్బించి కొంతకాలం మాత్రమే ఆపుతాయి, మీ లోపం క్లాంపు దగ్గర కనుక అసలే పనికిరావు.

పని పూర్తయ్యాక బండిని కొంతసేపు నిలిపి, మరుసటి ఉదయం 'కోల్డ్' గీత దగ్గర మట్టం చూడండి. లోపల చిక్కుకున్న గాలి బయటకు వచ్చి మట్టం కొద్దిగా దిగడం ఒకటి రెండుసార్లు మామూలే. ఆ తర్వాత కూడా దిగుతుంటే కొత్త క్లాంపు దగ్గర మళ్లీ తుడిచి చూడండి. తీసిన పాత ఆయిల్‌ను మూత ఉన్న సీసాలో పోసి, వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే చోట అప్పగించండి, కాలువలో పోయకండి.