కరెంటు పోయి వచ్చాక ఉప్పునీటి అక్వేరియం పంపు తిరగడం లేదు: కాయిల్ పోయిందా, గార పట్టిందా?

ప్రశ్న – కొర్లగుంట, తిరుపతి

నమస్కారమండి. మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం రెండేళ్లుగా ఉంది. రెండు క్లౌన్ చేపలను, కొన్ని మెత్తని పగడాలను పెంచుతున్నాను. కింది అరలోని సంప్ నుంచి (ఇంటి ముందు భూమిలో ఉండే సంపు కాదు, వడపోత తొట్టి) నీటిని పైకి పంపే పంపు నెల రోజులుగా మొరాయిస్తోంది. కరెంటు ఉన్నంతసేపు చక్కగా తిరుగుతుంది కాని, ఒకసారి పోయి వచ్చిందంటే గుయ్‌మని శబ్దం చేయడమే తప్ప నీటిని ఎక్కించదు. బయటికి తీసి నాలుగు తట్లు తట్టి పెడితే మళ్లీ తిరుగుతుంది. మొన్న మేము ఊళ్లో లేనప్పుడు ఇలాగే ఆగిపోయి, సాయంత్రం వచ్చేసరికి చేపలు నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తూ కనిపించాయి.

దుకాణంలో అడిగితే కాయిల్ బలహీనపడింది, కొత్తది కొనుక్కోమన్నారు. కొని పద్నాలుగు నెలలే అయింది. విప్పి చూస్తే లోపల తెల్లటి పెచ్చు, అక్కడక్కడ ఊదారంగు మచ్చలు ఉన్నాయి. బాత్రూమ్ యాసిడ్‌తో కడగవచ్చా? ఇత్తడి బిందెలాగే చింతపండుతో తోమమని మా అమ్మగారి సలహా.

సమాధానం 1 – చిత్తూరు

కాయిల్ తెగిపోతే ఆ గుయ్‌మనే శబ్దం కూడా రాదు కనుక, దుకాణం వారి మాటతో నేను ఏకీభవించలేను. ఈ పంపుల్లో ఇంపెల్లర్‌కు (నీటిని తోసే రెక్కల చక్రానికి) అతికి ఉండేది ఒక శాశ్వత అయస్కాంతం. మన 50 హెర్ట్జ్ కరెంటుకు కాయిల్ క్షేత్రం సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటూ ఉంటే, ఆ అయస్కాంతం దానితో అడుగు కలిపి నిమిషానికి దాదాపు 3000 చుట్లు తిరుగుతుంది. తిరుగుతున్నప్పుడు దాని ఊపే దాన్ని నడిపిస్తుంది. ఆగిన చోటి నుంచి ఆ వేగాన్ని అందుకోవడమే కష్టం. అది తిరిగే గొయ్యి గోడకు పట్టిన గార కొద్దిగా రాసుకున్నా మొదటి చుట్టు పడదు. అందుకే మీ పంపు కరెంటు పోయి వచ్చినప్పుడే మొండికేస్తోంది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చాలా లవణాలకు భిన్నంగా కాల్షియం కార్బొనేట్ (గారలోని సున్నం ఇదే) నీరు వేడెక్కిన కొద్దీ తక్కువగా కరుగుతుంది. తొట్టిలో వేడి పుట్టే చోట్లలో మోటారు గది ఒకటి కనుక గార అక్కడే ముందుగా పేరుకుంటుంది. ఆ ఊదారంగు మచ్చలు కోరలైన్ నాచు. దాని పెంకు కూడా ఆ సున్నమే. రెండూ పులుపుకు కరుగుతాయి.

అంటే అమ్మగారి ఆలోచనలో తప్పు లేదు. చింతపండులోనూ ఆమ్లమే ఉంది. అయితే గుజ్జు, చక్కెర సందుల్లో మిగిలి నీటిని పాడుచేస్తాయి కనుక దాన్ని పూజ సామానుకే ఉంచండి. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. ప్లగ్ తీసి, పంపు ముందు మూత తిప్పి, ఇంపెల్లర్‌ను పక్కకు వంచకుండా నిటారుగా లాగండి. ఇరుసు సిరామిక్‌ది, గాజులా విరుగుతుంది. నేను ఒకసారి తొందరపడి స్క్రూడ్రైవర్‌తో ఎత్తబోయి విరగ్గొట్టుకుని, విడి భాగం వచ్చేవరకు పది రోజులు బకెట్లో చేపలను కాపాడుకోవలసి వచ్చింది. ఇరుసు చివర ఉండే చిన్న రబ్బరు బుష్ చాలాసార్లు గొయ్యి అడుగునే ఉండిపోతుంది. అది చేతికి వచ్చాకే కడగడం మొదలుపెట్టండి.

లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు నేను వాడే కొలత. తెల్ల వెనిగర్ అయితే సగానికి సగం నీరు కలపాలి. భాగాలను విడదీసే నానబెట్టండి. ఇంపెల్లర్ బిగుసుకుపోయిన పంపును అలాగే ఆ నీటిలో నడిపితే గార ఉన్న సందులోకి పులుపు సరిగా చేరదు. బుడగలు ఆగాయంటే గార అయిపోయిందనో, పులుపు అయిపోయిందనో అర్థం. గోటితో గీరి చూస్తే తెలుస్తుంది. గంట, రెండు గంటల తర్వాత పాత టూత్‌బ్రష్‌తో తోమి, బాగా కడిగి, మంచినీటి బకెట్లో పది నిమిషాలు నడిపి, తర్వాతే తొట్టిలో పెట్టండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం వద్దు. అది లోహపు మరలను తింటుంది, పొగ ఊపిరికి మంచిది కాదు. దానికి గాని, వెనిగర్‌కు గాని బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

కడిగాక కూడా చేతితో తిప్పితే పట్టేస్తుంటే అయస్కాంతం పూతను చూడండి. ఎక్కడైనా చిట్లితే లోపలికి ఉప్పునీరు దిగి, తుప్పు పట్టి, ఉబ్బుతుంది. దానికి వైద్యం లేదు, ఇంపెల్లర్ మార్చవలసిందే.

సమాధానం 2 – తిరుపతి

పంపు విషయం పైవారు చెప్పారు. కరెంటు పని చేసేవాడిగా రెండు మాటలు చెబుతాను. ప్లగ్ పిన్నుల మీద తెల్లటి ఉప్పు పొర ఉంటే తడి గుడ్డతో కాక, ప్లగ్ తీసి పొడి గుడ్డతో తుడవండి. వైరు సాకెట్‌కు చేరేముందు ఒక వంపు కిందికి వేలాడాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క నేల మీద పడుతుంది. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) లేకపోతే, పంపు కంటే ముందు అది పెట్టించండి. ఊరికి వెళ్లేటప్పుడు, కరెంటు పోగానే దానంతట అదే నడిచే బ్యాటరీ గాలి పంపు ఉంచితే చేపలు మీరు వచ్చేవరకు ఊపిరి పీల్చుకుంటాయి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బుష్ గొయ్యి అడుగునే దొరికింది. రెండోసారి పులుపు మార్చాక గార పూర్తిగా పోయింది. స్విచ్ పది సార్లు ఆపి వేసి చూశాను, ప్రతిసారీ తిరిగింది. అయితే పద్నాలుగు నెలలకే ఇంత గార మామూలేనా? ఆవిరైన నీటికి బదులు బోరు నీరే పోస్తున్నాను.

సమాధానం 1

అసలు సంగతి అదీ. ఆవిరి ఒట్టి నీటినే తీసుకుపోతుంది, లవణాలన్నీ తొట్టిలోనే మిగులుతాయి. మీ బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాలు) లీటరుకు 800 మిల్లీగ్రాములు అనుకుని, ఎండాకాలంలో రోజుకు నాలుగు లీటర్లు పోస్తున్నారనుకుంటే, నెలకు 96 గ్రాముల లవణాలు అదనంగా చేరుతున్నాయి. అందులో అంతా సున్నం కాకపోవచ్చు గాని, ఉన్నంత సున్నం గార కావడానికి మీ పంపు సిద్ధంగా ఉంది. గీజర్‌లో పేరుకునేదీ ఇదే. ఆర్‌ఓ నీరు మాత్రమే పోయండి, పంపును మూడు నెలలకొకసారి విప్పండి. ఇంటి ప్యూరిఫయర్లలో రుచి కోసం పచ్చి నీటిని తిరిగి కొంత కలిపే టీడీఎస్ మర ఉంటుంది. అక్వేరియానికి పట్టేటప్పుడు దాన్ని పూర్తిగా మూయించండి.

ప్రశ్న వేసినవారు

మూయించాను. మీటరు 140 నుంచి 25కి దిగింది. తాగే నీటికి మాత్రం తెరిచే ఉంచమని అమ్మగారు అంటున్నారు, అందుకని రెండు క్యాన్లు విడిగా పట్టి పెడుతున్నాను.