జడ్4 వెనక టైర్లు: 255 ఉంచాలా, 275కి వెళ్లాలా?

మణికొండ_జడ్4:
అందరికీ నమస్తే. బీఎండబ్ల్యూ జడ్4, 2011 మోడల్, చేతులు మారి నా దగ్గరకొచ్చి ఏడాది. ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18 (255 వెడల్పు మి.మీ.లో, 35 అందులో ఎత్తు శాతం, 18 రిమ్ము అంగుళాల్లో), కంపెనీ సైజే. వెనకవి లోపలి అంచు పూర్తిగా గుండైపోయింది. బయట నిలబడి చూస్తే ఇంకో ఆరు నెలలు లాగేట్టున్నాయి. టైరు షాపాయన "255 ఏంది సార్, 275/35 వేయండి, వెనక నుంచి పులిలెక్క కనిపిస్తది" అంటున్నాడు. మూడు డౌట్లు. 275 పడుతుందా? ఇప్పుడున్నవి రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి), మామూలువి వేస్తే స్టెపినీ లేని బండితో ఎలా? వెనక రెండే మార్చి ముందువి ఉంచేయొచ్చా? అవి సగం ఉన్నాయి.

ఓఆర్ఆర్_పక్షి:
వేసెయ్ బ్రో. నా దాంట్లో వెనక 285. నార్సింగి నుంచి శంషాబాద్ దాకా పట్టాల మీద రైలే. వెడల్పు ఎంతుంటే గ్రిప్ అంత. ఇందులో అడగడానికేముంది?

పాతబండి:
ఏ బండికి 285? రిమ్ము ఎంత? అవేం చెప్పకుండా వేసెయ్ అంటే ఎట్ల తమ్మీ.

టైరుబాబాయ్:
రాణిగంజ్‌ల పద్దెనిమిదేండ్లు ఇదే పని చేసిన, నా మాట కొంచెం ఇను. టైరు చూసే ముందు రిమ్ము చూడాలె. చక్రం ఇప్పితే స్పోకు ఎనక పోతలనే 8½జె×18 అని ఉంటది. అది నీ రిమ్ము వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాలు. 255/35 ఆర్18కి 8.5 నుంచి 10 దాకా రిమ్ము పనికొస్తది. అంటే నీ కంపెనీ సైజే ఆఖరి మెట్టు మీద కూసున్నది. 265/35కైనా 275/35కైనా తక్కువల తక్కువ 9 కావాలె. ఎక్కించుడు ఎక్కుతది, మా పోరగాళ్లు దేనికైనా ఏదైనా ఎక్కిస్తరు. కానీ రెండు బీడ్లు (రిమ్ముల కూసునే టైరు అంచులు) దగ్గరికి నొక్కుకొని టైరు బుగ్గలెక్క ఉబ్బుతది. నడుమ అరుగుతది, అంచులు రోడ్డును సరిగ ముట్టయ్, మలుపుల సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఊగుతది. 275 సైజుకు పైసలు వెట్టి 245 సైజు పని చేయించుకున్నట్టు.

ఓఆర్ఆర్_పక్షి:
నాకు రెండేళ్లయింది బాబాయ్, ఏం కాలేదు. చార్టుల్లో లెక్కలు వేరు, రోడ్డు వేరు.

లెక్కల_పిచ్చి:
రిమ్ము సంగతి అయింది, ఎత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు. 255లో 35 శాతం 89.25 మి.మీ. పైనా కిందా కలిపి 178.5. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457.2. మొత్తం వ్యాసం 635.7. ఇదే లెక్కన ముందు టైరు 637.2. తేడా మిల్లీమీటరున్నర! ఆ జత ఎవరో ఊసుపోక కలిపింది కాదు. 275/35 వేస్తే వెనక 649.7, ముందుదాని కంటే పన్నెండున్నర ఎక్కువ. ఏబీఎస్ (బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), డీఎస్‌సీ (బండి జారకుండా చూసేది) చేసేదే నాలుగు చక్రాల వేగాలు పోల్చుకోవడం, ముందూ వెనకా సైజు తేడా వస్తే అవి పొరబడొచ్చు. పైగా స్పీడోమీటరు 2.2 శాతం తప్పుతుంది. మీటరు 120 అంటే నిజంగా 122.6. ఓఆర్ఆర్‌లో (ఔటర్ రింగ్ రోడ్డు) కుడి లేన్ల లిమిట్ 120. చలానా షాపాయన కడతాడా?

కొండాపూర్_కుర్రాడు:
లెక్క తప్పు. మీటర్లు ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తాయి. నా దాంట్లో మీటరు 120 ఉంటే జీపీఎస్‌లో 115. దానికి మీ 2.2 శాతం కలిపినా 117.5. అంటే 275 వేస్తే మీటరు రిపేరు చేసినట్టే.

లెక్కల_పిచ్చి:
తప్పు కాదు, మీరు వేరే లెక్క చేశారు. నేను చెప్పింది మీటరు కరెక్టుగా ఉంటే.

కొండాపూర్_కుర్రాడు:
"కరెక్టుగా ఉంటే" అని ఎక్కడ రాశారు? పైకెళ్లి చదువుకోండి.

లెక్కల_పిచ్చి:
సరే, మీ 115 కొత్త టైరు మీదా, అరిగినదాని మీదా? కొత్తదానికి గాడి లోతు ఏడెనిమిది మి.మీ. ఉంటుంది. 1.6కి వచ్చేసరికి వ్యాసంలోనే పదీ పన్నెండు మి.మీ. పోతుంది. అది కూడా తెలియకుండా జీపీఎస్ చూసి మాట్లాడితే ఎలా?

కొండాపూర్_కుర్రాడు:
హహ. టైరు అరిగితేనే పన్నెండు పోతే, మీ పద్నాలుగు మి.మీ. కోసం ఇంత గోలెందుకండీ? మీ వాదనకి మీరే పంక్చర్ వేసుకున్నారు.

లెక్కల_పిచ్చి:
ముందూ వెనకా తేడా గురించి స్వామీ నేను చెప్పేది!! నాలుగూ కలిసి అరుగుతాయి కదా.

కొండాపూర్_కుర్రాడు:
ఆయనవి కలిసి అరగలేదుగా. ముందువి సగం ఉన్నాయన్నాడు.

పాతబండి:
మీరిద్దరు ఇంకో థ్రెడ్ వెట్టుకోండ్రి. మణికొండ తమ్మీ, లోపలి అంచు తిన్నది అన్నవ్ కదా, ఆ ముక్క ఎవ్వరు పట్టించుకోలే. అది సైజు రోగం కాదు. వెనక చక్రాల పైభాగం కొంచెం లోపలికి వంగి ఉండుడు మామూలే. దానికి తోడు టో (చక్రాలు నేరుగ ముందుకు చూసే తీరు) తప్పిందనుకో, లోపలంచును ఎలుక కొరికినట్టు కొరుకుతది. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించకుండ ఏ సైజు వేసినా వచ్చే ఏడు ఇదే పోస్టు మళ్ల పెడ్తవ్.

వాన_భయం:
"వెడల్పు ఎంతుంటే గ్రిప్ అంత" అన్న పక్షిగారికి. నేనూ అలాగే అనుకుని వెనక 285 వేయించా. పోయిన జూలైలో తుక్కుగూడ దాటాక కుండపోత. స్పీడు 90. టైర్లు అప్పటికే సగం పైన అరిగినవి, ఒప్పుకుంటా. ఒక్కసారిగా స్టీరింగ్ దూదిలా అయిపోయింది, బండి వెనక భాగం నా పక్కకొచ్చింది. రెండు చుట్లు తిరిగి, డివైడర్‌కి జానెడు దూరంలో, వచ్చే బండ్లకి ఎదురుగా ఆగా. పక్క సీట్లో మా మేనల్లుడు. వాడు ఇప్పటికీ నా బండెక్కడు. బండి బరువు అంతే కదా. టైరు వెడల్పు పెంచితే నేలను పట్టే చోటు అడ్డంగా పెరిగి నిలువున తగ్గుతుంది. నెట్టాల్సిన నీళ్లు ఎక్కువ, నెట్టడానికి టైము తక్కువ. టైరు తేలుతుంది.

ఓఆర్ఆర్_పక్షి:
అరిగిన టైర్లతో వానలో 90 వెళ్తే 205 అయినా తిరుగుద్ది. డ్రైవింగ్ రాక టైర్లని అంటే ఎలా అంకుల్.

వాన_భయం:
ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నా. నోరు జాగ్రత్త.

అడ్మిన్:
దీని తర్వాత మూడు మెసేజ్‌లు తీసేశా. టైర్ల గురించి మాట్లాడండి, తాతముత్తాతల గురించి కాదు.

సైలెంట్_రీడర్:
ఇంతకీ ఎవరైనా నైట్రోజన్ కొట్టిస్తున్నారా? మన ఎండలకి అదే మంచిదంటున్నారు బంకులో.

టైరుబాబాయ్:
మామూలు గాలిలనే 78 శాతం నైట్రోజన్ ఉంటది. మిగిలిన దానికి పైసలు కడ్తవా? వారానికొకసారి పొద్దుగాల, బండి చల్లగున్నప్పుడు ప్రెషర్ చూస్కో, సాలు.

రన్‌ఫ్లాట్_బాధితుడు:
నాదీ జడ్4నే. గాలి పోయాక రన్‌ఫ్లాట్ మీద 80 స్పీడు లోపల 80 కి.మీ. వెళ్లొచ్చంటారు. ఘట్‌కేసర్ నుంచి అర్ధరాత్రి అలాగే ఇంటికొచ్చా, ఆ రోజు దండం పెట్టుకున్నా. కానీ మిగతా రోజులన్నీ ప్రతి గుంతా వెన్నుపూసకి తెలిసేది. 2022లో మామూలువి వేశా, సేమ్ 255/35, 94వై. ఆ 94 అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోస్తుంది, వై అంటే 300 స్పీడుకి సరిపడేది. అంతకన్నా తక్కువ బరువు మోసేవి అంటగడితే తీసుకోకండి. డిక్కీలో సీలెంట్, చిన్న కంప్రెసర్ పెట్టుకున్నా. మేకు దిగితే పనికొస్తాయి, సైడ్‌వాల్ చీలితే మాత్రం బండిని ఎక్కించుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీయే గతి.

నా ఏడుపు వేరే. సైడ్‌వాల్ మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. నావి 0818. అంటే 2018లో ఎనిమిదో వారం. నాలుగేళ్లు గోడౌన్‌లో పడుకున్న టైర్లకి కొత్తవాటి రేటు కట్టి, ఇంటికొచ్చాక చూసుకున్నా. ఆ షాపాయన ఇప్పుడు నన్ను గుర్తుపట్టడు.

మణికొండ_జడ్4:
చక్రం విప్పించి చూశా. 8½జె×18 అనే ఉంది, బాబాయ్‌కి థాంక్స్. 275 మాట మానేశా. 255/35, 94వై రెండు ఆర్డర్ పెట్టా, రన్‌ఫ్లాట్ కానివి. అలైన్‌మెంట్ శనివారం.

రన్‌ఫ్లాట్_బాధితుడు:
ఆగండాగండి. వెనక రెండేనా? ముందు రన్‌ఫ్లాట్లు, వెనక మామూలువి కలపకండి. సైడ్‌వాల్ ఒకటి రాయి, ఒకటి రబ్బరు, మలుపులో బండి రెండు రకాలుగా మాట్లాడుతుంది. నేను నాలుగూ ఒకేసారి మార్చా.

మణికొండ_జడ్4:
అన్నా, మూడో ప్రశ్న అదే కదా! రెండు రోజులుగా మీటరు గురించి కొట్టుకున్నారు గానీ ఒక్కరూ చెప్పలేదు. ఆర్డర్ వెనక్కి తీసుకోం అంటున్నారు షాపువాళ్లు.

ఓఆర్ఆర్_పక్షి:
275 వేసుంటే ఈ గొడవే లేదు.

లెక్కల_పిచ్చి:
275కీ ఇదే గొడవ. రన్‌ఫ్లాట్‌కీ సైజుకీ సంబంధం ఏంటి?

మియాపూర్_మెకానిక్:
నా దగ్గర 225/40 ఆర్18 మామూలువి రెండున్నాయి, 80 శాతం గాడి ఉంది. బండి అమ్మేసినప్పుడు మిగిలినవి. కావాలంటే మెసేజ్ పెట్టండి, రేటు మాట్లాడుకుందాం.

మణికొండ_జడ్4:
ముందు ఆ నాలుగంకెల ఫోటో పెట్టండి.