భుజం పట్టేస్తే ఫిజియోథెరపీలో ఏది పనిచేసింది?

గోదారిగట్టు:
నాకు షుగర్ ఉంది. ఎడమ భుజం పట్టేసి నెలలవుతోంది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లితే ప్రాణం లేచిపోతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఫిజియోథెరపీలో చెయ్యి పట్టుకుని గట్టిగా పైకి లేపుతున్నారు. ఆ రాత్రి కన్ను మూత పడదు. ఓర్చుకోవాలా?

కందిపొడి:
వద్దండి. రాత్రి నిద్ర చెడిపోతోందంటే మీరింకా నొప్పి దశలోనే ఉన్నట్టు. నాకు అప్పుడు లోలకం వ్యాయామమే ఇచ్చారు. బాగున్న చేతిని బల్లకు ఆనించి ముందుకు వంగాలి, రెండో చేతిని వదులుగా వేలాడదీయాలి. నడుము ఊపుకు చెయ్యి దానంతటదే చిన్న సున్నాలు చుడుతుంది. భుజం బిగించి తిప్పితే ఫలితం లేదు. నేర్పేటప్పుడు చాలామంది ఈ మాట చెప్పరు.

బండరాయి:
ఇంత మెత్తగా చేస్తే బిగుసుకున్న కీలు ఎప్పుడు వదులుతుంది? నాకు సాగదీస్తేనే వచ్చింది.

వేపచెట్టు:
బండరాయి గారూ, అప్పటికి మీ నొప్పి తగ్గి, బిగువు మాత్రమే మిగిలి ఉంటుంది. నేను ఫిజియోథెరపిస్టును. కీలు చుట్టూ ఉన్న పొర వాచి ఉన్నప్పుడు లాగితే మరింత రేగుతుంది. 2004లో వెలువడిన ఒక డచ్ అధ్యయనంలో 77 మందిని రెండేళ్లు గమనించారు. నొప్పిని లెక్కచేయకుండా సాగదీయించుకున్నవారి కంటే నొప్పి హద్దులో కదిలించినవారే ఎక్కువగా కోలుకున్నారు.
వ్యాయామం ఆపిన కాసేపటికి నొప్పి సద్దుమణిగితే మోతాదు సరిపోయినట్టు. రాత్రికీ సలుపుతుంటే తగ్గించాలి. నొప్పి తగ్గాక మోచేతిని పక్కటెముకలకు ఆనించి, కర్రతో ముంజేతిని బయటి వైపు నెట్టండి. ఈ జబ్బులో అన్నిటికన్నా ఎక్కువగా పోయేది ఆ కదలికే. అందరూ గోడ మీద వేళ్లు పాకించడంతోనే సరిపెట్టేస్తారు.

గోదారిగట్టు:
స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వేయించుకోమంటున్నారు.

వేపచెట్టు:
నొప్పి దశలో అది బాగా పనికొస్తుంది, వ్యాయామమూ సులువవుతుంది. అయితే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ముందే మీ డాక్టరుకు చెప్పి, ఆ రోజుల్లో తరచూ పరీక్షించుకోండి.

కందిపొడి:
నిద్ర సంగతికి: వెల్లకిలా పడుకుని మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టుకోండి. చెయ్యి వెనక్కి జారకూడదు. పడుకునే ముందు వేడినీళ్ల సంచితో కాపడం పెట్టుకోండి, షుగర్ ఉంది కాబట్టి గోరువెచ్చగానే.