స్విమ్మింగ్ పూల్ పంపుకి కొత్త మోటర్ వేయించాక మాటిమాటికీ ఆగిపోతోంది, ఎవరికైనా ఇలా అయిందా?

ఫ్రిస్కో_పెరడు:
అందరికీ నమస్కారం. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఇల్లు కొన్నప్పుడే పెరట్లో పూల్ ఉంది. పాత మోటర్ బేరింగులు పోయి కీచుమని అరుస్తుంటే టెక్నీషియన్ని పిలిచి మోటర్ ఒక్కటీ మార్పించాం, పంపు బాడీ, ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీళ్ళని తోసే చక్రం) పాతవే. ఆన్ చేస్తే బాగానే తిరుగుతుంది, కాసేపయ్యాక చెయ్యి పెట్టలేనంత వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ తనే స్టార్ట్ అవుతుంది. బ్రేకర్ పడట్లేదు. పైగా మోటర్ కింద దిమ్మంతా తడి, పంపు ముందు చెత్త ఆపే బాస్కెట్ మూతలోంచి చూస్తే బుడగలు. వేసినాయనేమో మోటరే డిఫెక్ట్, ఇంకోటి కొనండి అంటున్నాడు. నీళ్ళు పచ్చబడుతున్నాయి, పిల్లలకి సెలవులు, ఏం చెయ్యమంటారు?

తీగల_మనిషి:
ఇంకోటి కొనకండి, కాస్త ఆగండి. తనే ఆగి తనే స్టార్ట్ అవుతోందంటే లోపలున్న థర్మల్ ప్రొటెక్టర్, అంటే మరీ వేడెక్కితే మోటర్‌ని ఆపేసే స్విచ్చు, దాని పని అది చేస్తోంది, మనం వెతకాల్సింది ఆ వేడి ఎందుకనేది. ముందు వోల్టేజి. అక్కడి మోటర్లు చాలావరకు 115, 230 రెండిటికీ పనికొచ్చేలా ఉంటాయి, వెనక మూత తీస్తే మార్చుకునే స్విచ్చో ప్లగ్గో ఉంటుంది. 230లో పెట్టిన దానికి 115 ఇస్తే గుయ్‌మంటూ నీరసంగా తిరిగి ఇలాగే వేడెక్కి ఆగుతుంది, 115లో ఉన్నదానికి 230 ఇస్తే కాలిపోయినట్టే. మూత తీసేముందు టైమర్ ఆపితే చాలదు, బ్రేకరే ఆపి మీటరుతో చూసుకోండి, కెపాసిటర్లో కరెంటు మిగిలి ఉంటుంది దాన్ని ముట్టుకోవద్దు.

ఫ్రిస్కో_పెరడు:
మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి చూశాడు, మోటర్ 230లోనే ఉంది, తిరుగుతున్నప్పుడు కూడా 236 వస్తోంది.

నీలి_నీళ్ళు:
అయితే నా అనుమానం ఇంపెల్లర్ మీద. పాత లేబుల్, కొత్త లేబుల్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, హెచ్‌పీ ఒక్కటే చూస్తే మోసపోతాం, దాని పక్కన ఎస్‌ఎఫ్ అని సర్వీస్ ఫ్యాక్టర్ ఉంటుంది, రెండిటినీ గుణిస్తే వచ్చేదే అసలు బలం. 1 హెచ్‌పీకి ఎస్‌ఎఫ్ 1.65 ఉంటే అది 1.65, అదే 1 హెచ్‌పీకి 1.25 ఉంటే 1.25 మాత్రమే. పేరుకి రెండూ ఒక హార్స్‌పవరే. పాత ఇంపెల్లర్ పెద్ద మోటర్‌కి తగ్గట్టు చేసింది కదా, అది తోసే నీళ్ళు అది తోస్తుంది, ఆ బరువంతా చిన్న మోటర్ మీద పడుతుంది. క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) పెట్టి ఆంప్స్ చూడండి, లేబుల్ మీద మ్యాక్స్ అని రాసినదాన్ని దాటితే ఇదే జబ్బు. ఇంకో పరీక్ష, పూల్‌లోకి నీళ్ళు తిరిగెళ్ళే వాల్వు కొంచెం మూయండి, పూర్తిగా కాదు. నీళ్ళు తగ్గితే బరువు తగ్గి ఆంప్స్ కూడా దిగుతాయి. చాలామంది వాల్వు మూస్తే మోటర్‌కి కష్టం అనుకుంటారు గానీ ఈ రకం పంపులో అది తిరగబడి ఉంటుంది.

మొయినాబాద్_తోట:
మా ఫామ్‌హౌస్‌ల వేరే కథ అయింది అన్నా, మాది త్రీ ఫేజ్. మోటర్ రీవైండింగ్ చేయించి పెట్టినంక తిరుగుడైతే తిరుగుతుంది, ఫిల్టర్ గేజ్ మాత్రం లేస్తలేదు. చూస్తే ఉల్టా తిరుగుతుంది. ఉల్టా తిరిగినా కొన్ని నీళ్ళు వస్తయి కాబట్టి తెల్వదు, ఫ్యాన్ మూత మీద బాణం గుర్తు చూస్తెనే తెలుస్తది. రెండు ఫేజులు మార్చి కలిపితే అయిపోయింది. మీది సింగిల్ ఫేజ్ కాబట్టి ఇది కాదు, ఇక్కడోళ్ళకి పనికొస్తదని రాస్తున్న.

సీల్_బేరింగ్:
తడి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మోటర్ మార్చినప్పుడల్లా షాఫ్ట్ సీల్ (ఇరుసు దగ్గర నీళ్ళు కారకుండా ఆపేది) కొత్తది వెయ్యాల్సిందే, పాతది మళ్ళీ పెడితే కారుతుంది. ఆ సీల్‌లోని సెరామిక్ ముక్క నున్నటి ముఖానికి వేలి జిడ్డు కూడా అంటకూడదు, శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి. ఇప్పుడు చుక్కలే కదా అని వదిలేస్తే ఆ నీళ్ళు మోటర్ ముందువైపు బేరింగులోకి పోయి మళ్ళీ అదే కీచు మొదలు. బుడగలకైతే ముందు స్కిమ్మర్లో (పూల్ గోడలో పైనీళ్ళు లాగే గూడు) నీటి మట్టం చూడండి, తర్వాత బాస్కెట్ మూత కింద ఉండే రబ్బరు ఓ-రింగ్ తీసి తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి, వ్యాజలైన్ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. అప్పటికీ ఆగకపోతే పంపు నడుస్తుండగా పూల్ వైపు నుంచి వచ్చే పైపు అతుకుల మీద షేవింగ్ నురగ రాయండి, గాలి పీల్చే చోట నురగ లోపలికి గుంట పడుతుంది. 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో చాలా పంపులు పగిలాయి, మీది పాత బాడీ కాబట్టి సన్న పగులుందేమో కూడా చూడండి.

ఫ్రిస్కో_పెరడు:
నీలి_నీళ్ళు గారూ అదే! పాతది 1.65, కొత్తది 1.25. లేబుల్ మీద మ్యాక్స్ 7.4 ఆంప్స్, మీటర్లో 8.6, వాల్వు కొంచెం మూస్తే 7.1కి దిగింది, అలాగే వదిలేస్తే మధ్యాహ్నం ఎండలో కూడా ఆగలేదు. మూత ఓ-రింగ్ తీస్తే ఒకచోట నొక్కుకుపోయి చదునుగా ఉంది, అది మార్చాక బుడగలు పోయాయి. ఇప్పుడు ఇంపెల్లర్ మార్చాలా, మోటర్ వెనక్కిచ్చి వేరియబుల్ స్పీడ్ (వేగం మార్చుకోగలిగేది) తీసుకోవాలా?

నీలి_నీళ్ళు:
షాపువాళ్ళు వెనక్కి తీసుకుంటే వేరియబుల్ స్పీడే మేలు. 2021 జూలై నుంచి అమెరికాలో కొత్త పూల్ పంపులకి కరెంటు ఆదా నిబంధనలు వచ్చాయి, అందుకే ఇళ్ళకి ఇప్పుడు ఎక్కువగా అవే వేస్తున్నారు. వేగం సగం చేస్తే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, ఎక్కువ గంటలు నడిపినా బిల్లు తక్కువే. తీసుకోకపోతే 1.25కి సరిపోయే ఇంపెల్లర్ వేయించండి, కొన్ని మోడళ్ళలో దాంతోపాటు డిఫ్యూజర్ (ఇంపెల్లర్ చుట్టూ ఉండే తొడుగు) కూడా మారుతుంది, ఎటూ విప్పుతారు కాబట్టి సీల్ కూడా కొత్తదే. వాల్వు మూసి నడపడం అందాకే.

తీగల_మనిషి:
ఒక్క మాట, మోటర్ బాడీకి బయట లావుపాటి రాగి తీగ బిగించి ఉందా? మామూలు ఎర్త్ వేరు, ఇది వేరు, పూల్ చుట్టూ ఉన్న ఇనుమూ మోటరూ అన్నిటినీ కలిపేది, నీళ్ళలో ఉన్నవాళ్ళకి షాక్ కొట్టకుండా. మోటర్ మార్చినప్పుడు దీన్ని బిగించడం మర్చిపోతుంటారు.

ఫ్రిస్కో_పెరడు:
ఇప్పుడే టార్చ్ వేసి చూశా, ఆ తీగ దిమ్మ పక్కన ఊరికే పడి ఉంది. బ్రేకర్ ఆపేశా, పిల్లల్ని నీళ్ళలోంచి బయటికి పిలిచేశా, ఎలక్ట్రీషియన్ అన్నకి ఫోన్ చేస్తున్నా.