ఇంటి పని కూడా సేవ అవుతుందా?

అందరికీ నమస్కారం. ఈమధ్య తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్లొచ్చాను. కూరగాయలు తరగడం, క్యూలో ఉన్నవాళ్లకు మంచినీళ్లు అందించడం... కాళ్లు పీకేస్తున్నా విసుగన్నదే రాలేదు. ఇంట్లో మామయ్యగారు రెండోసారి కాఫీ అడిగితే మాత్రం చిరాకు!

ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తిలో దాస్యం ఒకటి. ఏం చేసినా, ఏం తిన్నా నాకే అర్పించమని గీత 9వ అధ్యాయంలో కృష్ణుడన్నాడు. చదువుతుంటే బాగానే ఉంటుంది, స్టవ్ ముందు నిలబడితే గుర్తుండదు. జీవిత పరమార్థం సేవేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. దానికోసం మాటిమాటికీ కొండకే వెళ్లాలా? ‘నీది భక్తి కాదు, ఇంటి పనికి సెలవు’ అంటారు మావారు. (కొంత నిజమేనేమో!)

ఇంటి చాకిరీనే భగవత్సేవగా చేసుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? చిరాకు వచ్చిన ఆ క్షణంలో ఏం చేస్తారు? పుస్తకాల పేర్లు వద్దండీ, మీ అలవాటు చెప్పండి చాలు.