నాయనమ్మ చెప్పిన మూలపురుషుడిని వంశచరిత్రలో రాయొచ్చా?

కొరిటెపాడు_శ్రీను:
మా వంశవృక్షం పుస్తకంగా వేయిస్తున్నాం. నాయనమ్మ చెప్పేదాన్ని బట్టి మా మూలపురుషుడు ఒక సాయిబు. కొండవీటి కోటలో గుర్రాలు చూసుకునేవాడట. డొక్కల కరువులో మా ఊరు చేరి, ఇక్కడి అమ్మాయిని చేసుకుని మనవాళ్లలో కలిసిపోయాడట. పొలం గట్టున ఆయన సమాధి ఉత్తర దక్షిణాలుగా ఉంది. మొహర్రంలో పీర్లకు మొదటి పానకం మా ఇంటి నుంచే వెళ్తుంది. తరానికొక మస్తాన్ రావు ఉన్నాడు. బాబాయి మాత్రం "పెళ్లి కావలసిన పిల్లలున్నారు, ఆ మాట పుస్తకంలోకి ఎక్కితే ఊరుకోను" అంటున్నాడు. రాయాలా, వద్దా?

తెనాలి_మాస్టారు:
వద్దు. పెళ్లిళ్ల భయంతో కాదు, ఆధారం లేక. మస్తాన్ పేరుకి సాయిబు తాత అక్కర్లేదు. గుంటూరు కాలే మస్తాన్ షా దర్గాకి మొక్కుకుని పిల్లలకు మస్తాన్ రావు, మస్తానమ్మ అని పెట్టుకున్న హిందువులు మన జిల్లాలో బోలెడుమంది. పీర్ల పండగ సరేసరి, ఊరంతా చేసేదే. గుణదల మేరీమాత తిరునాళ్లలో కొబ్బరికాయ కొట్టేవాళ్లందరి తాతలూ క్రైస్తవులేనా? ఇక కాలం లెక్క చూడండి. గుంటూరు సర్కారు 1788లోనే ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. డొక్కల కరువు 1832-33లో వచ్చింది. అప్పటికి ఆ కోటలో ఎవరి గుర్రాలు?

నూర్‌బాషా_పేట:
మాస్టారూ, కోట ముత్తాతది, కరువు మనవడిది అయ్యుండొచ్చు కదా. నోటి కథల్లో ఇద్దరు ఒకరైపోవడం మామూలే. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే, నమాజూ ఉంది, పెళ్లిలో నల్లపూసలూ ఉన్నాయి. మేం ఎప్పుడు ఎలా మతం మారామో అమ్మమ్మ వైపు ఒక కథ, తాత వైపు ఇంకో కథ. రెండూ పొసగవు. కానీ బయటి నుంచి రాలేదు, ఇక్కడివాళ్లమే అని రెండూ చెబుతాయి. నాకు ఆ మాత్రం చాలు.

చేబ్రోలు_కుర్రాడు:
మా పక్కనే కొత్తరెడ్డిపాలెంలో యూదులమని చెప్పుకునే బెనే ఎఫ్రాయిం వాళ్లున్నారు. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం సంతతి అని పెద్దలు ఇంట్లో గుట్టుగా చెప్పుకునేవారని వాళ్లంటారు. 1990ల మొదట్లో సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, పెట్టుకున్నారు. వీళ్లను ఇజ్రాయెల్ దేశం యూదులుగా గుర్తించలేదు. ఇలాగే చెప్పుకునే మణిపూర్, మిజోరంలోని బెనే మెనాషేని మాత్రం 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) ఒకరు ఒప్పుకున్నారు, అయినా మతమార్పిడి తంతు తప్పలేదు. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, రుజువు అడిగేది ఎప్పుడూ ఇలాంటి వాళ్లనే. భరద్వాజ గోత్రం అని చెప్పుకునేవాణ్ణి ఆ ఋషి దాకా వంశవృక్షం చూపించమని ఎవరూ అడగరు.

తెనాలి_మాస్టారు:
అడగాలి, నేను అడుగుతాను కూడా. కొంకణంలో బెనే ఇజ్రాయెల్ అనే యూదుల సంగతి చూడు. ఓడ మునిగితే బతికి బయటపడ్డ ఏడు జంటల సంతానమని వాళ్ల కథ. గానుగ ఆడించి బతికేవాళ్లు. చుట్టుపక్కల ఎవరూ పాటించని శనివారం సెలవు వీళ్లు పాటించారు, అందుకే ‘శనివార్ తేలీ’ (శనివారపు గానుగవాళ్లు) అన్నారు. 2016లో వచ్చిన జన్యు పరిశోధనలో యూదు మూలం, భారతీయ మూలం రెండూ గట్టిగానే కనిపించాయి. ఇరుగుపొరుగుకు లేని అలవాటైతేనే నా దృష్టిలో సాక్ష్యం. శ్రీనూ, మీ ఇంట్లో ఉండి ఊళ్లో ఇంకెవరికీ లేనిదేది? సమాధి ఉత్తర దక్షిణాలుగా ఉంటే చాలదు. సాయిబులు తల ఉత్తరాన పెట్టి ముఖం పడమటికి తిప్పుతారు. మనలో పూడ్చేవాళ్లు చాలామంది తల దక్షిణానికి పెడతారు. పైనుంచి దిబ్బ చూస్తే రెండూ ఒకటే. తలరాయి ఏ వైపుంది?

కొరిటెపాడు_శ్రీను:
ఉత్తరాన. కాకపోతే ఒకసారి ట్రాక్టర్ తగిలి పడిపోతే మా నాన్న మళ్లీ పాతించాడు. అదే చోట పాతించానంటాడు. బాబాయి కాదంటాడు.

బెజవాడ_సుజాత:
బాగుంది! డీఎన్ఏ టెస్ట్ అని మాత్రం డబ్బు తగలేయకండి. ఆరు తరాల వెనక మీకు 64 మంది తాతలు, అవ్వలు. ఒక్కొక్కరి వాటా సగటున ఒకటిన్నర శాతం. ఆయన ఇక్కడే మతం మారిన కుటుంబం వాడైతే ఆ కాస్తలో వేరుగా కనిపించేదేముంటుంది? ‘మూలపురుషుడు సాయిబు’ అని కాకుండా, ‘అని నాయనమ్మ చెప్పేది’ అని రాయండి. ఆవిడ ఎవరి దగ్గర విన్నదో కూడా రాయండి. కంపెనీ కాలంలో మెకంజీ దొర సేకరింపించిన ఊళ్ల చరిత్రలు, అదే కైఫీయత్తుల్లోనూ ఊళ్లలో చెప్పుకున్న కథలు ఎన్నో ఉన్నాయి. బాబాయి గారి అభ్యంతరం పక్కనే అచ్చేయండి.

నూర్‌బాషా_పేట:
బాబాయి గొడవ ఆధారం గురించి కాదు కదా అక్కా. మూలపురుషుడు విజయనగర సేనాపతి అని నాయనమ్మ చెప్పుంటే ఆ సమాధి దిక్కులు ఎవరైనా చూసేవాళ్లా?

తెనాలి_మాస్టారు:
నేను చూసేవాణ్ణి. ఈలోపు పుస్తకం అచ్చయిపోయి ఉండేది, అది వేరే సంగతి. శ్రీనూ, మీ ఊరి పేరు పంపు, కైఫీయత్తు ఉందేమో వెతుకుతాను.